రిమోట్‌తో కారు అద్దాలు మూసే ప్రాజెక్టు: మొదటి నుంచి చివరి దాకా

ఒక రేడియో రిసీవర్, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే విద్యుత్ స్విచ్‌లు), ఒక మోటారు. బటన్ నొక్కితే అద్దం పైకి లేస్తుంది. ఇంతే అయితే ఇది వారాంతంలో తేలిపోయే పని. ఇంజనీరింగ్ ప్రాజెక్టు అన్న పేరు దానికి ఎక్కువే. అద్దాన్ని మూయించడంలో పెద్ద విద్య ఏమీ లేదు. దాన్ని ఎక్కడ ఆపాలి, ఎప్పుడు వెనక్కి దింపాలి, ఏదైనా భాగం పాడైతే కదలకుండా ఎలా పట్టి ఉంచాలి అన్న చోట అసలు పని మొదలవుతుంది. కారులో కూర్చుని స్విచ్ వాడే మనిషికి అద్దం కనిపిస్తూ ఉంటుంది. రిమోట్ పట్టుకుని దూరంగా నిలబడిన మనిషికి కనిపించదు. లోపల ఒక పిల్లవాడు అద్దం అంచు మీద చెయ్యి వేసి ఉంటే, ఆ సంగతి గ్రహించవలసింది మీ సర్క్యూటే. అందుకే ఇక్కడ రిమోట్ గురించి తక్కువ, ఆగడం గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు కాగితం మీద

సామాన్లు కొనే ముందు మీ పరికరం ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక పేజీలో రాసుకోండి. ఈ పేజీకి కావలసిన అంకెలు మీరు ఊహించనక్కర్లేదు. అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 118, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 21 రెండూ పవర్ విండోల గురించి వివరంగా చెబుతాయి. తానుగా మూసుకునే అద్దానికి 4 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య ఖాళీలో ఏదైనా అడ్డం వస్తే, దాని మీద ఒత్తిడి 100 న్యూటన్లు దాటకముందే అద్దం వెనక్కి తిరగాలి. 100 న్యూటన్లు అంటే సుమారు 10 కిలోల బరువు మోపినంత. వెనక్కి తిరిగాక ఎంత దిగాలో కూడా అమెరికా ప్రమాణంలో ఉంది: కదలిక మొదలైన చోటికి చేరాలి, లేదా తిరిగిన చోటి నుంచి కనీసం 125 మి.మీ. దిగాలి, లేదా 200 మి.మీ. వ్యాసం గల కడ్డీ పట్టేంత ఖాళీ ఇవ్వాలి.

అదే ప్రమాణంలో మీకు నేరుగా పనికొచ్చే మరో సంగతి ఉంది. వెనక్కి తిరిగే ఏర్పాటు లేని కారులో రిమోట్ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే అద్దం కదలాలి. ఆ రిమోట్ 6 మీటర్లకు మించి పనిచేయకూడదు. మధ్యలో గోడలాంటి అడ్డు ఉంటే పనిచేయని రకమైతే 11 మీటర్ల దాకా సడలింపు. అంటే, వాడే మనిషికి కారు కనబడాలి అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. మీరు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవద్దు, రెండూ పెట్టండి. వెనక్కి తిరిగే ఏర్పాటు మీరు కట్టిన మొదటి నమూనా, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం తొందరపాటు. బటన్ వదిలితే ఆగడం అన్నది ఏ లెక్కా తప్పలేని రక్షణ.

ఇంకా రాసుకోవలసినవి: ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే రిమోట్ ఆజ్ఞ చెల్లదు, తలుపు తెరిచి ఉంటే చెల్లదు, ఒకేసారి ఒక్క అద్దమే కదులుతుంది, ఎంత ఆజ్ఞ ఇచ్చినా ఒక గడువు దాటి మోటారు తిరగదు, కరెంటు పోయి వచ్చినా, మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ చిప్) రీసెట్ అయినా మోటారు ఆగి ఉన్న స్థితిలోనే ఉంటుంది. తర్వాత చేసే ప్రతి పరీక్షా ఈ వాక్యాల్లో ఏదో ఒకదాన్ని తనిఖీ చేసేదే కావాలి.

బల్ల మీద ఒక తలుపు

ఇంట్లో వాడే కారు మీద ప్రయోగాలు మొదలుపెట్టకండి. పాత కార్ల విడిభాగాలు దొరికే చోట మోటారు, రెగ్యులేటర్ (అద్దాన్ని ఎత్తి దింపే యంత్రాంగం), అద్దం, రబ్బరు గాడి అన్నీ ఉన్న తలుపు ఒకటి తెచ్చుకోండి. రబ్బరు గాడి లేని తలుపు తెస్తే మీ కొలతలన్నీ అబద్ధాలవుతాయి, ఎందుకంటే అద్దం కదలికకు వచ్చే నిరోధంలో పెద్ద వాటా దానిదే. తలుపును నిలువుగా, కదలకుండా చెక్క చట్రంలో బిగించండి. పడుకోబెట్టి పరీక్షిస్తే అద్దం బరువు లెక్కలోకి రాదు.

విద్యుత్తుకు 12 వోల్టుల కారు బ్యాటరీ మంచిది. బల్ల మీద వాడే చిన్న పవర్ సప్లై మోటారు మొదలయ్యే క్షణంలో చతికిలబడుతుంది, అప్పుడు తప్పు ఎవరిదో తేలదు. బ్యాటరీ ధన ధ్రువం దగ్గరే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి, మోటారు దారికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడండి. చేతికి అందేంత దూరంలో బ్యాటరీని తెంచే పెద్ద స్విచ్ ఒకటి ఉండాలి. ఈ మూడూ లేకుండా ఒక్క తీగ కూడా కలపవద్దు. కారు బ్యాటరీ షార్ట్ అయితే తీగలు ఎర్రబడతాయి.

మోటారు స్వభావం తెలుసుకోండి

పవర్ విండోలో ఉండేది శాశ్వత అయస్కాంతం, బ్రష్‌లు గల డీసీ మోటారు. రెండే తీగలు, ధ్రువాలు మారిస్తే దిశ మారుతుంది. దాని ఇరుసుకు వర్మ్ గేర్ ఉంటుంది. వర్మ్ చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం వర్మ్‌ను తిప్పలేదు. కాబట్టి కరెంటు తీసేసినా అద్దం జారదు, చేత్తో నొక్కినా దిగదు. మీకు ఇది వరం, ఎందుకంటే అద్దాన్ని పట్టి ఉంచడానికి ఏమీ ఖర్చు చేయనక్కర్లేదు. శాపం కూడా ఇదే: అద్దం కింద ఇరుక్కున్న చెయ్యిని మనిషి లాక్కోలేడు, అద్దాన్ని కిందికి తొయ్యలేడు. మోటారు వెనక్కి తిరిగితే తప్ప విడుదల లేదు.

మల్టీమీటర్‌తో తీగల మధ్య నిరోధం చూడండి. తీగలతో కలిపి 0.6 ఓములు వచ్చిందనుకుందాం. 12 వోల్టులను 0.6తో భాగిస్తే 20 ఆంపియర్లు. మోటారు మొదలయ్యే క్షణంలోనూ, అద్దం పైన తగిలి ఆగిపోయినప్పుడూ లాగే కరెంటు ఇంచుమించు ఇదే. మధ్యలో సాఫీగా పోతున్నప్పుడు సాధారణంగా కొద్ది ఆంపియర్లే. ఈ తేడాయే మీ ప్రాజెక్టుకు ఆధారం.

ఈ అంకె చూశాక ఎల్298 అనే చిన్న మోటారు డ్రైవర్ మాడ్యూల్‌ను పక్కన పెట్టేయండి. విద్యార్థుల ప్రాజెక్టుల్లో అది ఎక్కడ చూసినా కనిపిస్తుంది, కానీ ఒక్కో చానల్‌కు 2 ఆంపియర్లే దాని సామర్థ్యం. ఆట బొమ్మకు సరే, కారు అద్దానికి కాదు. బీటీఎస్ 7960 చిప్‌ల జతతో చేసిన హెచ్-బ్రిడ్జ్ (మోటారును రెండు దిశల్లో తిప్పే సర్క్యూట్) మాడ్యూల్ ఈ పనికి తగింది, వేగం కూడా తగ్గించుకోవచ్చు. అయినా మొదటి నమూనాకు నా ఓటు కార్లలో వాడే రిలేలకే. అవి ఎలా పాడవుతాయో ముందే తెలుసు, క్లిక్‌మన్న శబ్దం చెవికి వినిపిస్తుంది, వైరింగ్ కంటికి కనిపిస్తుంది.

రెండు రిలేల అమరిక

కారు రిలే మీద 30, 85, 86, 87, 87ఎ అన్న అంకెలు ఉంటాయి. 85, 86 కాయిల్ కొసలు. 30 కదిలే కాంటాక్టు. రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు అది 87ఎకు, కాయిల్‌కు కరెంటు ఇచ్చినప్పుడు 87కు తగులుతుంది. రెండు రిలేలు తీసుకోండి. మొదటిదాని 30ని మోటారు ఒక తీగకు, రెండోదాని 30ని రెండో తీగకు కలపండి. రెంటి 87లనూ ఫ్యూజు దాటి వచ్చే 12 వోల్టులకు, రెంటి 87ఎలనూ గ్రౌండుకు కలపండి.

ఇప్పుడు ఒక్కో స్థితినీ కాగితం మీద గీసి చూడండి. మొదటి రిలే పనిచేస్తే అద్దం పైకి, రెండోది పనిచేస్తే కిందికి. రెండూ విశ్రాంతిలో ఉంటే మోటారు రెండు కొసలూ గ్రౌండుకే కలిసి ఉంటాయి. అంటే తిరుగుతున్న మోటారు జనరేటరుగా మారి తన కరెంటుతో తానే బ్రేకు వేసుకుంటుంది. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి పనిచేసినా రెండు కొసలూ 12 వోల్టుల దగ్గరే ఉంటాయి కాబట్టి ఏమీ కాలదు. ప్రోగ్రాంలో ఎంత తప్పు చేసినా షార్ట్ సర్క్యూట్ కాని అమరిక ఇది. దీని అందాన్ని మీ నివేదికలో ఒక పేరాలో తప్పక చెప్పుకోండి.

రిలే కాయిల్ 150 మిల్లీఆంపియర్ల వరకు లాగవచ్చు, మైక్రోకంట్రోలర్ పిన్ను అంత ఇవ్వలేదు. మధ్యలో యూఎల్ఎన్ 2003 చిప్ పెట్టండి. ఒక్కో చానల్ 500 మిల్లీఆంపియర్లు మోస్తుంది, కాయిల్ ఆగినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజిని మింగే డయోడ్లు లోపలే ఉంటాయి. రీసెట్ సమయంలో పిన్నులు గాలిలో ఉన్నా దాని ఔట్‌పుట్ ఆఫ్‌లోనే ఉంటుంది. విడి ట్రాన్సిస్టర్లు వాడితే 1ఎన్4007 డయోడు, బేస్ నుంచి గ్రౌండుకు 10 కిలోఓముల నిరోధం మీరే కలుపుకోవాలి.

కరెంటును బలంగా మార్చే పట్టిక

ప్రాజెక్టు గుండె ఇక్కడ ఉంది, తొందరపడకండి. ఈ రకం మోటారులో టార్క్ (తిప్పే బలం) కరెంటుకు అనులోమంగా పెరుగుతుంది. అద్దానికి ఏదైనా అడ్డొస్తే కరెంటు పెరుగుతుంది. దాన్ని కొలవడానికి ఏసీఎస్ 712 సెన్సర్‌లో 20 ఆంపియర్ల రకం వాడండి. రెండు రిలేల 87లకు వెళ్లే ఉమ్మడి తీగలో దాన్ని పెడితే రెండు దిశల కరెంటూ ఒక్క సెన్సర్‌తోనే తెలుస్తుంది. 5 వోల్టుల సరఫరాపై, కరెంటు లేనప్పుడు దాని ఔట్‌పుట్ 2.5 వోల్టులు, ఒక్కో ఆంపియర్‌కు 100 మిల్లీవోల్టులు మారుతుంది. ఆర్డుయినో ఉనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో, వోల్టేజిని అంకెగా మార్చే 10 బిట్ల కన్వర్టర్‌కు ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు, అంటే సుమారు 0.05 ఆంపియర్లు. ఈ పనికి అంత సూక్ష్మత చాలు. బ్రష్‌ల వల్ల రీడింగ్ వణుకుతుంది కాబట్టి 16 రీడింగ్‌లు వెంటవెంటనే తీసి సగటు చేయండి. దానికి 2 మిల్లీసెకన్లు కూడా పట్టదు.

ఇప్పుడు అద్దాన్ని కింది నుంచి పైదాకా నడిపి, ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక రీడింగ్ కంప్యూటర్‌కు పంపి గ్రాఫు గీయండి. మొదట ఒక పదునైన శిఖరం, తర్వాత మైదానం, చివర అద్దం పై రబ్బరులోకి దూరేటప్పుడు చిన్న గుట్ట, ఆగిపోయినప్పుడు నిటారు గోడ. 14 వోల్టుల మీద ఒకసారి, 11.5 వోల్టుల మీద ఒకసారి, రబ్బరు తడిపి ఒకసారి, ఆరాక ఒకసారి ఇదే గ్రాఫు తీయండి. మైదానం ఎత్తు మారుతూ ఉండటం గమనిస్తారు. చలిలో రబ్బరు గట్టిపడితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి 'కరెంటు 8 ఆంపియర్లు దాటితే ఆపు' అన్న స్థిర హద్దు ఎండలో ఆలస్యంగా స్పందిస్తుంది, చలిలో ఊరికే వెనక్కి తిరుగుతుంది. హద్దును స్థిరంగా కాక, గత అర సెకను సగటు మీద ఎంత పెరిగింది అన్న తేడాగా పెట్టండి. అయితే ఆ సగటును కరెంటు పెరుగుతున్నకొద్దీ త్వరగా పెరగనివ్వకూడదు. లేకపోతే మెత్తని వస్తువు నెమ్మదిగా నలిగేటప్పుడు హద్దు కూడా దానితో పాటే ఎక్కిపోయి, ఎప్పటికీ పట్టుబడదు. మెడ, చేయి మెత్తని వస్తువులే.

ఆ తేడా ఎంత ఉండాలో ఊహించి రాయవద్దు, కొలవండి. అద్దం పై అంచుకు మందపాటి ఫెల్టు వేసిన బిగింపు ఒకటి పెట్టి, దాని నుంచి తాడు కిందికి దించి, మధ్యలో గట్టి స్ప్రింగు, దాని కింద సామాన్లు తూచే వేలాడే డిజిటల్ తూకం కట్టి, తూకం రెండో కొసను చట్రానికి బిగించండి. అద్దం పైకి పోతున్నకొద్దీ తాడు బిగుసుకుంటుంది. కరెంటు, తూకం రెండూ నమోదు చేయండి. తూకంలో కిలోలను 9.8తో గుణిస్తే న్యూటన్లు. ఉదాహరణకు ప్రతి అదనపు ఆంపియర్‌కు 25 న్యూటన్లు వస్తున్నాయనుకుంటే, 100 న్యూటన్లకు 4 ఆంపియర్ల పెరుగుదల. కానీ హద్దు 4 దగ్గర పెడితే తప్పు. మీరు గుర్తించిన తర్వాత కూడా రిలే విడిపోవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, రోటార్‌లో (మోటారులో తిరిగే భాగంలో) ఇంకా ఊపు మిగిలి ఉంటుంది. అద్దం సెకనుకు 100 మి.మీ. వేగంతో వెళుతుంటే 20 మిల్లీసెకన్లలో 2 మి.మీ. ముందుకు పోతుంది. గట్టి వస్తువు మీద ఆ 2 మి.మీ. చాలా బలం. సగం దగ్గర, అంటే పై ఉదాహరణలో 2 ఆంపియర్ల దగ్గర హద్దు పెట్టి, అక్కడి నుంచి పరీక్షలతో సరిచేయండి.

మొదటి శిఖరాన్ని మాత్రం వదిలేయాలి, లేకపోతే అద్దం కదలకముందే వెనక్కి తిరుగుతుంది. మోటారు మొదలయ్యాక 200 నుంచి 300 మిల్లీసెకన్లు హద్దు చూడవద్దు. ఆ కొద్ది సమయం రక్షణ లేని సమయం అని గుర్తుంచుకోండి. దాన్ని పూడ్చడానికి, ఆ గడువు ముగిశాక కూడా కరెంటు గ్రాఫులో చూసిన మైదానం స్థాయికి దిగకపోతే, అద్దం ముందే దేనికో ఆని ఉందని భావించి వెనక్కి దింపండి.

పైన మిగిలే 4 మిల్లీమీటర్లు

అద్దం పూర్తిగా మూసుకున్నప్పుడూ కరెంటు పెరుగుతుంది, వేలు ఇరుక్కున్నప్పుడూ పెరుగుతుంది. రెండింటినీ కరెంటు ఒక్కటే వేరు చేయలేదు. అద్దం ఎక్కడ ఉందో తెలియాలి. చాలామంది సమయంతో లెక్కగడతారు: 450 మి.మీ. ప్రయాణానికి ఇన్ని సెకన్లు కాబట్టి ఇప్పుడు ఇక్కడ ఉంది అని. ఆ లెక్కలో 2 శాతం తప్పు వచ్చినా 9 మి.మీ. తేడా. మీకు కావలసింది 4. బ్యాటరీ వోల్టేజి మారితేనే వేగం అంతకంటే ఎక్కువ మారుతుంది. కాబట్టి సమయం పద్ధతి గడువు పెట్టడానికే తప్ప, స్థానం చెప్పడానికి పనికిరాదు.

బల్ల మీది తలుపుకు సులువైన మార్గం ఒక చిన్న మైక్రోస్విచ్. అద్దం మూతపడటానికి 4 మి.మీ. ముందు నొక్కుకునేలా రెగ్యులేటర్ పక్కన బిగించండి. స్విచ్ నొక్కుకోనంతవరకు కరెంటు పెరిగితే అడ్డంకి; నొక్కుకున్నాక పెరిగితే మూసుకుంది. స్విచ్ తీగ తెగితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. తెగిన తీగ 'ఇంకా మూసుకోలేదు' అన్నట్టు కనిపించేలా కలిపితే, అద్దం మూతపడబోయి వెనక్కి దిగుతుంది; చికాకే కానీ ప్రమాదం లేదు. తిరగవేసి కలిపితే తెగిన తీగ రక్షణను మొత్తం ఆపేస్తుంది. రెండోది చేయకండి.

ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించే సెన్సర్) ఉన్న మోటారు వెతకండి. రెండు తీగలకు బదులు ఐదారు తీగలు వస్తుంటే లోపల అది ఉండే అవకాశం ఎక్కువ. రోటార్ ప్రతి చుట్టుకూ పల్స్‌లు వస్తాయి. వాటిని లెక్కపెడితే స్థానం, వాటి మధ్య వ్యవధి చూస్తే వేగం. అడ్డొచ్చినప్పుడు పల్స్‌ల మధ్య వ్యవధి సాగుతుంది. కరెంటు, వేగం రెండూ చూసే ప్రాజెక్టుకు పరీక్షకుల దగ్గర బరువు ఎక్కువ.

ప్రోగ్రాం

నాలుగు స్థితులు చాలు: ఆగి ఉంది, పైకి పోతోంది, వెనక్కి దిగుతోంది, లోపం. ఆగి ఉన్న స్థితి నుంచి పైకి వెళ్లడానికి సరైన కోడ్ రావాలి, ఇగ్నిషన్ ఆఫ్‌లో, తలుపులు మూసి ఉండాలి. పైకి పోతున్నప్పుడు బటన్ వదిలితే, లేదా 300 మిల్లీసెకన్లపాటు రేడియో సంకేతం రాకపోతే ఆగుతుంది. కరెంటు హద్దు దాటితే రెండు రిలేలూ వదిలి, 50 మిల్లీసెకన్లు బ్రేకు పడనిచ్చి, వెనక్కి దిగే స్థితికి వెళుతుంది. దిగుతున్నప్పుడు రిమోట్ ఏం చెప్పినా వినకూడదు. దిగడం పూర్తయ్యాక కూడా బటన్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కితేనే పైకి వెళ్లాలి. ఈ చివరి నియమం మరచిపోతే, బటన్ పట్టుకుని ఉన్న మనిషి చేతిలో అద్దం అదే చెయ్యిని పదేపదే కొడుతూ ఉంటుంది.

సాధారణంగా పట్టే సమయానికి ఒకటిన్నర రెట్లు గడువుగా పెట్టండి. అది దాటితే లోపం. ఒకే అడ్డంకి వరసగా మూడుసార్లు వచ్చినా లోపం. వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుపోతే చిప్‌ను రీసెట్ చేసేది) ఆన్ చేయండి. ఎక్కడా ప్రోగ్రాంను నిలబెట్టే ఆలస్యపు ఆజ్ఞలు వాడకండి. ప్రోగ్రాం నిద్రపోతున్న ఆ అర సెకనులోనే వేలు పడుతుంది.

నాలుగు అద్దాలకు విస్తరిస్తే ఒకదాని తర్వాత ఒకటి మూయించండి. నాలుగూ ఒకేసారి మొదలైతే ఆ క్షణంలో 80 ఆంపియర్లు.

రిమోట్

మార్కెట్లో తేలికగా దొరికే 433.92 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత చాలు. మీ దేశంలో లైసెన్సు లేకుండా వాడదగ్గ పౌనఃపున్యం ఏదో చూసుకుని కొనండి. పావు తరంగపు యాంటెన్నా కొలత 17.3 సెంటీమీటర్లు. మామూలు ప్రాజెక్టుల్లో దూరం ఎంత వస్తే అంత గొప్ప. ఇక్కడ దూరం తగ్గించడమే పని, 6 మీటర్లు దాటాక ఆగిపోవాలి. రిసీవర్ యాంటెన్నా కత్తిరిస్తూ కొలిచి చూడండి. రేడియో పరిధి వాతావరణాన్నీ అడ్డంకులనూ బట్టి మారుతుంది కాబట్టి అనుకూలమైన చోట కొలిచిన పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఎన్‌కోడర్ (రిమోట్ పంపే కోడ్‌ను తయారుచేసే చిప్) విషయంలో ఒక మాట. పీటీ 2262 లాంటి స్థిర కోడ్ చిప్‌లో 8 చిరునామా పిన్నులు వాడితే వచ్చేవి 6,561 కోడ్‌లు. వాటిని వరసగా ప్రయత్నించడం కష్టం కాదు, పైగా ఒకసారి గాలిలో పట్టుకున్న కోడ్‌ను ఎవరైనా మళ్లీ వినిపించవచ్చు. ప్రతి నొక్కుకూ మారే కోడ్ కావాలంటే హెచ్‌సీఎస్ 301 చూడండి. ఒక్కో సందేశం 66 బిట్లు. అందులో 32 బిట్లు 16 బిట్ల కౌంటర్‌తో (ప్రతి నొక్కుకూ పెరిగే లెక్కతో) కలిసి గుప్తీకరించినవి, 28 బిట్లు రిమోట్ సంఖ్య. దీని వెనక ఉన్న కీలాక్ పద్ధతిని 2008 నాటికే పరిశోధకులు ఛేదించారు. కాబట్టి నివేదికలో 'ఛేదించలేనిది' అని రాయకండి, స్థిర కోడ్ కంటే మేలు అనండి. బటన్ పట్టుకుని ఉన్నంతసేపు ఈ చిప్ అదే కోడ్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. నొక్కి పట్టే నియమానికి అది సరిపోతుంది. ఆగిన తర్వాత మాత్రం పాత కౌంటర్ విలువను అంగీకరించకండి.

కిందికి దింపే ఆజ్ఞ రిమోట్‌లో పెట్టవద్దు. మీ ప్రాజెక్టు మూయడానికి. తెరిచే బటన్ దొంగకు ఎక్కువ ఉపయోగం.

రాత్రంతా తాగే కరెంటు

ఆర్డుయినో ఉనో బోర్డును అలాగే కారులో పెడితే దాదాపు 50 మిల్లీఆంపియర్లు ఎప్పుడూ లాగుతుంది. రోజుకు 1.2 ఆంపియర్-గంటలు. 40 ఆంపియర్-గంటల బ్యాటరీ నెల రోజుల్లో ఖాళీ. ఇంజన్ స్టార్ట్ కాని స్థితికి అంతకంటే చాలా ముందే చేరుతుంది. కాబట్టి బోర్డు వదిలి ఏటీమెగా 328పీ చిప్‌ను విడిగా వాడి, పని లేనప్పుడు నిద్రపుచ్చండి; గాఢ నిద్రలో అది మైక్రోఆంపియర్లలోకి దిగుతుంది. రిసీవర్‌కు కొన్ని మిల్లీఆంపియర్లు తప్పవు, దాన్ని కూడా సెకనుకు కొన్నిసార్లు మాత్రమే లేపి వినిపించవచ్చు. మొత్తం 5 మిల్లీఆంపియర్లలో ఉంచగలిగితే నెలకు 3.6 ఆంపియర్-గంటలు, బ్యాటరీ ఓర్చుకుంటుంది.

కారు 12 వోల్టులు పేరుకే 12. ఇంజన్ ఆగి ఉంటే 12.6, నడుస్తుంటే 14 పైన, స్టార్ట్ చేసే క్షణంలో 6 దాకా పడిపోవచ్చు, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ఊడిపోతే పదుల వోల్టుల పోటు. మామూలు 7805 వోల్టేజి రెగ్యులేటర్ బదులు కార్ల కోసమే చేసిన ఎల్ఎం 2940 వాడండి, దాని ముందు ఫ్యూజు, పోటును మింగే టీవీఎస్ డయోడు పెట్టండి. మోటారు కొసల మధ్య 100 నానోఫారాడ్‌ల కెపాసిటర్ పెట్టకపోతే బ్రష్‌ల రొదకు మైక్రోకంట్రోలర్ ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది; అందరూ ముందు ప్రోగ్రాంను అనుమానిస్తారు. మోటారు గ్రౌండు, మైక్రోకంట్రోలర్ గ్రౌండు వేర్వేరు తీగలతో బ్యాటరీ దగ్గర మాత్రమే కలవాలి.

రిలే అతుక్కుపోతే

20 ఆంపియర్లను తెంచుతూ ఉండే కాంటాక్టు ఒకరోజు కరిగి అతుక్కుపోతుంది. అప్పుడు ప్రోగ్రాం 'ఆగు' అన్నా మోటారు ఆగదు. ఎంత మంచి ప్రోగ్రాం రాసినా ఈ లోపాన్ని అది ఆపలేదు, రెండో తెగే చోటు కావాలి. ఏసీఎస్ 712 ముందు మూడో రిలే ఒకటి పెట్టండి. పని మొదలయ్యే ముందు అది కలుస్తుంది, పని అయ్యాక తెగుతుంది. 'ఆగు' అన్న 50 మిల్లీసెకన్ల తర్వాత కూడా కరెంటు ప్రవహిస్తుంటే దాన్ని వెంటనే తెంచి లోపం స్థితికి వెళ్లాలి. ప్రతిసారీ ముందు మూడో రిలేను ఒంటరిగా కలిపి చూసి, కరెంటు సున్నా అయితేనే మిగతా రిలేలను కదపాలి. ఆ క్షణంలో కరెంటు కనిపిస్తే అతుక్కున్నది అప్పుడే బయటపడుతుంది.

నిజమైన కారుకు అమర్చాలనుకుంటే

ముందుగా, విండో స్విచ్‌ల నుంచి మోటారుకు నేరుగా రెండు మందపాటి తీగలు వెళుతున్నాయో లేదో చూడండి. కొత్త కార్లలో తలుపులోనే ఒక కంట్రోలర్ ఉండి, సన్నని డేటా తీగ మీద ఆజ్ఞలు వస్తుంటాయి. అలాంటి కారులో తీగలు కోయవద్దు. అలాంటి వాటిలో చాలావరకు కంపెనీయే రిమోట్‌తో మూసే సౌకర్యం ఇచ్చి ఉంటుంది.

పాత పద్ధతి కారైతే, స్విచ్ ముట్టుకోనప్పుడు మోటారు రెండు తీగలూ గ్రౌండుకు కలిసి ఉన్నాయా అని మల్టీమీటర్‌తో చూడండి. ఉంటే బల్ల మీద 87ఎలను గ్రౌండుకు కలిపిన చోట ఇప్పుడు కారు స్విచ్ నుంచి వచ్చే తీగలను కలపాలి. మీ రిలేలు విశ్రాంతిలో ఉంటే కారు ఎప్పటిలాగే పనిచేస్తుంది, మీ పెట్టె పాడైనా అద్దాల స్విచ్‌లు పాడుకావు. తీగను మోటారుకు వీలైనంత దగ్గరలో కోయండి, అప్పుడే డ్రైవర్ స్విచ్, తలుపు స్విచ్ రెండూ మీ రిలేకు అవతలి పక్కన ఉంటాయి. తలుపులో ఎయిర్‌బ్యాగ్ తీగలు ఉండవచ్చు, సాధారణంగా వాటి కనెక్టర్లు పసుపు రంగులో ఉంటాయి, వాటిని తాకవద్దు. ఈ దశకు వాహన విద్యుత్ పని తెలిసిన మనిషి పక్కన ఉండాలి. యజమాని అనుమతి లేకుండా, బల్ల మీద పరీక్షలన్నీ నెగ్గకుండా ఇక్కడికి రాకండి.

పరీక్షలు, ప్రదర్శన

చేతితో పరీక్షించకండి, ఎంత నమ్మకం ఉన్నా సరే. 4, 10, 25, 50, 100, 200 మి.మీ. వ్యాసాల కడ్డీలు, గట్టి స్పాంజి చుట్ట ఒకటి సిద్ధం చేసుకోండి. ప్రతి కడ్డీనీ అద్దం ముందు భాగంలో, మధ్యలో, వెనక మూలలో పెట్టి, నిండు బ్యాటరీతోనూ తగ్గిన బ్యాటరీతోనూ నడిపి, తూకం చూపిన గరిష్ఠ బలాన్ని పట్టికలో రాయండి. మూలల్లో బలం ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అద్దం అక్కడ కొంచెం వంకరగా బిగుసుకుంటుంది. మీ హద్దును మూలల్లో వచ్చిన అంకెను బట్టి సరిచేయండి. అడ్డంకి లేకుండా కూడా వందసార్లు మూయించండి. ఊరికే ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో అదీ పట్టికలో ఉండాలి. ఊరికే తిరిగే అద్దాన్ని చూసి విసిగినవాళ్లు రక్షణను ఆపేసే దారి వెతుకుతారు.

ప్రదర్శన రోజున అద్దం మూసి చూపించడంతో మొదలుపెట్టకండి, అది అందరూ చూసిందే. ముందు స్పాంజి చుట్ట పెట్టి వెనక్కి తిప్పించండి. తర్వాత రిమోట్‌ను మధ్యలో వదిలి ఆగడం చూపించండి. మూడోసారికి, పైకి నడిపే రిలే 87ఎ తీగను ముందే ఊడదీయండి, లేకపోతే రిలే వదలగానే 12 వోల్టులు నేరుగా గ్రౌండుకు షార్ట్ అవుతాయి. తర్వాత పైకి పోతున్న అద్దం రిలేకు 30, 87 మధ్య మందపాటి తీగ ముక్క ఒకటి అడ్డంగా పెట్టండి, అంటే అతుక్కుపోయిన రిలేను మీరే సృష్టించండి. బటన్ వదలండి. మూడో రిలే క్లిక్‌మని తెగి అద్దం ఆగుతుంది, లోపం దీపం వెలుగుతుంది. ఈ ప్రయోగాన్ని ముందు రోజు ఫ్యూజుతో సహా ఒకసారి చేసి చూసుకోండి, తీగ ముక్క పట్టుకోవడానికి ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారు వాడండి.